చొక్కా అవ్వ పెట్టిన వాకిలి

మొన్న సాయంత్రం వేలూరు నుంచి గుడియాత్తం వచ్చే బస్సులో ఒక బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డలు ఏడవడం వింతేమీ కాదు. బస్సు బస్సంతా కలిసి ఆ తల్లికి సలహాలు చెప్పడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. కిటికీ తెరవమన్నాడు ఒకాయన. గాలికే ఏడుస్తోంది, మూసెయ్యమన్నాడు ఆయన వెనకాయన. ముందు సీటావిడ తాళాలగుత్తి తీసి గలగలలాడించింది. కండక్టరు కూడా టికెట్లు చించుతూ, "దిష్టి తగిలుంటాది మా" అని ఒక మాట పడేసి పోయాడు. తల్లి పక్కన కూర్చున్న అత్తగారు బిడ్డ వీపు తడుతూ, "ఓర్చుకో నాయనా, రవంతసేపు ఓర్చుకో, ఊరొచ్చేస్తాది" అంటోంది. మూణ్ణెల్ల బిడ్డకు ఓర్పు నేర్పుతోంది ఆ మహాతల్లి. బిడ్డకు ఆకలేస్తోందని బస్సులో అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

తల్లి ఇంకా చిన్నపిల్ల. పని దిగి నేరుగా బస్సెక్కినట్టుంది, యూనిఫారంలోనే ఉంది. ముదురు ఎరుపు చుడీదార్ టాపు, గొంతు దాకా మూసేసిన కాలరు, వీపున జిప్పు. దుపట్టా కుడి భుజం మీద మడతపెట్టి పిన్ను కొట్టి ఉంది. ఎడమ రొమ్ము మీద బట్టల కొట్టు పేరు పసుపు దారంతో కుట్టి ఉంది. ఆ కొట్టు నాకు తెలుసు. ఆ జిప్పూ నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు వేలూరులో ఆ కొట్టులోనే చీరలు మడతపెట్టాను. బిడ్డ ఏడ్చే కొద్దీ ఆ పిల్లకు పాలు కారిపోతున్నాయి. చూస్తుండగానే ఆ కొట్టు పేరు తడిసిపోయింది. పిల్ల దుపట్టా అంచు లాక్కుని దాన్ని కప్పుకోవాలని చూసింది, అందలేదు.

అప్పుడు చొక్కా అవ్వ జ్ఞాపకం వచ్చింది నాకు. ఏదో మెల్లగా గుర్తుకు రావడం కాదు, వీపున ఒక్కటి చరిచినట్టు వచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమెకు ఒక పేరు ఉండే ఉంటుంది. గుడియాత్తంలో మా వీధిలో ఎవరూ దాన్ని వాడగా నేను వినలేదు. తెలుగువాళ్ళకు చొక్కా అవ్వ, తమిళులకు సొక్కా ఆయా. చీర మీద ఎప్పుడూ మగవాడి చొక్కా తొడుక్కునేది, అందుకని ఆ పేరు. ఆమె భర్త మేస్త్రీ. ఆయన గోడలు కడుతుంటే ఈమె ఇటుకలు, సిమెంటు బొచ్చెలు మోసేది. అట్లాంటి ఆడకూలీని ఇక్కడ చిత్తాళు అంటారు. చిత్తాళ్ళంతా మొగుడి పాత చొక్కా చీర మీద తొడుక్కుంటారు, ఎండకూ సిమెంటుకూ చేతులు పాడవకుండా, వంగినప్పుడు కొంగు జారకుండా. అవ్వ ఆ చొక్కా రెండు గుండీలు విప్పి, ఇసుక గుట్ట మీద కూర్చుని, ముగ్గురు బిడ్డలకు పాలిచ్చి పెంచింది. మేస్త్రీ పోయాక, మోకాళ్ళు మొరాయించాక పని మానేసి ఇంటి వసారాలో కుట్టు మిషను పెట్టుకుంది. చొక్కా మాత్రం వదల్లేదు.

ఆమె కుట్టేది ఒక్కటే పని. పాలిచ్చే తల్లులు తెచ్చిన మామూలు బట్టలకు ముందు వైపు వాకిలి పెట్టడం. వాకిలి అన్నది ఆమె మాటే. జాకెట్టు కానీ, నైటీ కానీ, చుడీదార్ కానీ, బిడ్డ నోరు అందేచోట కుట్టు విప్పి, అక్కడ మడత పెట్టి, వెనక ఇంకో గుడ్డ వేసి, టిచ్ బటన్లు కొట్టి ఇచ్చేది. మూసి ఉంటే అక్కడ ఏదో ఉందని ఎవరికీ తెలియదు. వెనక వేసే గుడ్డ ఎప్పుడూ పాత చొక్కాలదే. ఆడదాని పూల నైటీలో లోపలెక్కడో మగవాడి చొక్కా గళ్ళు కనిపించేవి.

కొత్తగా వచ్చిన ప్రతి తల్లీ ఆమె ప్రసంగం వినాల్సిందే. తన చొక్కా గుండీలు ఒక్కొక్కటీ తట్టి చూపించి మొదలుపెట్టేది. "చూడు మా. మొగోడి చొక్కాకి ముందర వాకిలి పెట్టినారు. వాడెవురికి పాలిచ్చేది? పాలిచ్చేదానికేమో తీసకపోయి వీపున జిప్పు పెట్టినారు. బిడ్డేమన్నా వీపు తాగతాదా?" అడిగి ఊరుకునేది కాదు, జవాబు కోసం చూసేది. మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఏం నవ్వొచ్చిందని నన్ను కోపంగా చూసింది.

గుడియాత్తం బజారులో ఏ బట్టల కొట్టు ముందు బొమ్మను నిలబెట్టినా ఆగేది. దాని వెనక్కి పోయి వీపు చూసేది. అక్కడ నాడాలో హుక్కులో ఉంటే, "నీకేం తల్లీ, బొమ్మవి. నీకు పాలు లేవు" అని దాని చెంప తట్టి పోయేది. కొట్టువాళ్ళు ఆమె వస్తోందంటే లోపలికి పోయేవాళ్ళు. ఆమె నోటికి వాకిలీ లేదు, గడపా లేదు అని మా అత్త అనేది.

ఆమెకు టేపు అక్కర్లేదు. తల్లిని కొలిచేదే కాదు. "కొలత నీది కాదు, బిడ్డది" అనేది. బిడ్డను తీసుకురమ్మని, తల్లి ఒళ్ళో ఎట్లా పడుకోబెట్టుకుంటుందో అట్లా పడుకోబెట్టించి, నోరు ఎక్కడికి వస్తుందో చూసి సుద్దముక్కతో గీత పెట్టేది. నిద్రపోతున్న బిడ్డను తెస్తే లేచేదాకా కూర్చోబెట్టేది. కుట్టు విప్పడానికి ఒక సగం బ్లేడు, అగ్గిపెట్టెలో పెట్టుకుని ఉండేది. ఆ బ్లేడు గుడ్డను తాకకూడదు, దారాన్నే తాకాలి. "గుడ్డలో వాకిలి ముందే ఉండాది. ఎవుడో కుట్టేసినాడు, అంతే" అనేది. సూది మెడలో పిన్నీసుకు వేలాడుతుండేది. తాళి తీసేశాక కూడా ఆ నల్లదారం, దానికి పిన్నీసు, పిన్నీసుకు సూది ఉంచుకుంది.

అత్తగార్లకు ఆమె అంటే భయం, ఒళ్ళుమంట. ఒకసారి నేను అక్కడుండగా ఒకావిడ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలి చేతిలో చుడీదార్లు, అత్త చేతిలో బిడ్డ. కోడలు నోరు తెరవక ముందే అత్త అంది, "వాకిలీ గీకిలీ ఏం వద్దవ్వా. రవంత వదులు చేసిస్తే చాలు. ఇంట్లో ఉండేదానికి ఏంటికివన్నీ?"

"నువ్వెట్లిచ్చినావు నీ కొడుక్కి?" అంది అవ్వ.

"మా కాలంలో కొంగు కప్పుకోని ఇచ్చేది."

"నీకు కొంగుండింది. దీనికి కొంగు యాడ ఉండాది? ఈ గొంతుదాకా మూసిన సంచీలు నువ్వే కదా కొనిచ్చినావు? చీర కడితే వంట పనికి ఆలీసమైతాదని చుడీదార్ వేసుకోమంటివి. బిడ్డకి ఆలీసమైతే యేం కాదా?"

"నేనేమంటినవ్వా ఇప్పుడు" అని ఆవిడ నసిగింది.

"యేమీ అనబాక. బిడ్డని ఇట్లియ్యి" అని లాక్కున్నట్టే తీసుకుని కోడలి ఒళ్ళో పెట్టి సుద్దముక్క అందుకుంది. ఆ పిల్ల తల దించుకుని, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

ఇంకొక విడ్డూరం ఉండేది ఆమెకు. తెరిచినదాన్ని మూసేది కాదు. బిడ్డ పాలు మానేశాక ఆ వాకిలి కుట్టెయ్యమని బట్టలు తెచ్చేవాళ్ళు. ఆమె మెడలోంచి సూది తీసి, దారం ఎక్కించి, వాళ్ళ చేతికే ఇచ్చేది. "తెరిచేది నేను. మూసేది నా చేత కాదు. నువ్వే మూసుకో." ఎంత బతిమాలినా అంతే. చేతులు నొప్పులని పక్కింటివాళ్ళు అంటే చాలు, వాళ్ళ దిండు గలీబులు కూడా కుట్టిపెట్టే మనిషి, దీనికి మాత్రం ఒప్పుకునేది కాదు. చాలామంది మూయించుకోకుండానే వెళ్ళిపోయేవాళ్ళు. మా వీధిలో బిడ్డలు బడికి పోయే తల్లుల బట్టలకు కూడా వాకిళ్ళు ఉండేవి.

నా సంగతికి వస్తాను. మాది పలమనేరు పక్క. పెళ్ళయి గుడియాత్తం వచ్చాను. మా ఆయనకు జోలార్పేటలో పని, వారానికోసారి వచ్చేవాడు. బిడ్డ పుట్టిన మూడో నెలకే నేను వేలూరు కొట్టుకు మళ్ళీ పోవాల్సి వచ్చింది. అంతకన్నా ఆగితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. పొద్దున్నే బిడ్డను ఎత్తుకుని బస్సెక్కేదాన్ని. కొట్టు వెనక వీధిలోనే మా అక్క ఇల్లు, బిడ్డను అక్కడ వదిలేదాన్ని. మధ్యాహ్నం అన్నం వేళకు అక్క బిడ్డను కొట్టు వెనక మెట్ల దగ్గరికి తెచ్చేది. మమ్మల్ని బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు. ఆ మెట్ల మీదే బట్టల మూటలు మోసే మగవాళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. వీపున జిప్పు. బిడ్డకు పాలివ్వాలంటే టాపు మొత్తం భుజాల మీంచి కిందికి లాగాలి. ట్రయల్ రూములో ఇచ్చుకుంటానని అడిగితే, అవి కొనేవాళ్ళకి అన్నారు. పైన అంతస్తు నిండా ఆడవాళ్ళ బట్టలు అమ్మే కొట్టులో ఒక తల్లి తలుపేసుకోవడానికి చోటు లేదు. మొదటి వారం బిడ్డ మెట్ల మీద ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. నా రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. డబ్బా పాలు పట్టెయ్యి, అలవాటైపోతాది అని అందరూ చెప్పేవాళ్ళే. అట్లా ఇంకొక వారం గడిస్తే నా బిడ్డకు నా పాలు ఉండవని నాకు అర్థమైంది.

ఆ రోజు సాయంత్రం ఇంటికొస్తూనే యూనిఫారం విప్పి అవ్వ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మిషను మీద వేరే పనిలో ఉంది. బిడ్డ కొలత ఆమెకు ముందే తెలుసు, నా నైటీలకు ఆమే వాకిళ్ళు పెట్టింది. టాపుకు ముందు వైపు రెండు పక్కలా పైనుంచి కిందికి దిగే కుట్టు ఉంది. ఎడమ పక్క కుట్టు మీదుగా అడ్డంగా కొట్టు పేరు పోతుంది. కుడి పక్క దుపట్టా కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. అందుకని, "అవ్వా, ఒక్క పక్క చాలు. కుడి పక్క పెట్టు" అని చెప్పి, బిడ్డ ఏడుస్తుంటే పరిగెత్తి వచ్చేశాను.

పొద్దున బస్సుకు టైమైపోతుంటే మడత పెట్టినది పెట్టినట్టే సంచిలో వేసుకున్నాను. అక్క ఇంట్లో తొడుక్కుంటుంటే చూశాను. వాకిలి ఎడమ పక్కన ఉంది. కొట్టు పేరు నడిమికి తెగిపోయి ఉంది. పని ఎంత శుభ్రంగా చేసిందంటే, టిచ్ బటన్లు వేస్తే అక్షరాలు మళ్ళీ కలుస్తాయి. కానీ చూసేవాళ్ళకు గీత కనిపిస్తుంది. వేరే యూనిఫారం లేదు. దుపట్టా ఎడమ పక్కకు మార్చుకుని పోయాను.

ఆ మధ్యాహ్నం మెట్ల మీద, మూటలు మోసేవాళ్ళు పోతుండగానే, నా బిడ్డ నిండుగా పాలు తాగింది. ఎవరూ చూడలేదు. చూడటానికి ఏమీ లేదు కూడా. మా అక్క పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం కొట్టు యజమాని, ముదలాళి అనేవాళ్ళం ఆయన్ని, నన్ను ఆపాడు. తెలుగాయనే. గొంతు పెంచే మనిషి కాదు, అందరినీ అమ్మా అనే పిలుస్తాడు. "ఏంమ్మా, దుపట్టా ఆ పక్కకి పోయిందే" అన్నాడు. తీసి చూపించాల్సి వచ్చింది. చాలాసేపు చూశాడు. "ఇది మా నాయన పేరు మా. కొట్టుకి పెట్టుకోనుండాము. మా నాయన పేరుని కోసినారు" అన్నాడు. బిడ్డకు పాలు అని ఏదో చెప్పబోయాను. "అవన్నీ నాకెందుకు చెప్తావు మా, మొగోణ్ణి" అని చెయ్యి అడ్డం పెట్టాడు. "దీన్ని కోసిన మనిషిని రేపు పిలుచుకోని రా. నా ముందర మూసి కుట్టాల. లేదంటే నువ్వూ రావద్దు." ఇదంతా మెల్లగా, మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తిట్టి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని.

ఊరికొచ్చి అవ్వ మీద పడ్డాను. "కుడి పక్క అంటిని కదవ్వా నేను."

"కుడి పక్కనే కదా పెట్టినా" అంది ఆమె.

"అది ఎడమ కదా."

"ఎడమో కిడమో నాకేం తెలుసు. కుడి పక్క అంటివి. బిడ్డ కుడిచే పక్కనే పెట్టినా. నువ్వు అన్నం తినుకుంటా బిడ్డని ఆ పక్కన యేసుకోనే కదా ఇచ్చేది దినామూ?"

ఆమె భాషలో కుడి చెయ్యి లేదు. కూడు తినే చెయ్యి, రెండో చెయ్యి, అంతే. కుడి అంటే ఆమెకు తాగడం. తమిళంలో అదే కదా, బిడ్డలు పాలు కుడవడమూ అదే కదా. పలమనేరు నుంచి వచ్చిన నా కుడి వేరు, గుడియాత్తంలో పుట్టిన ఆమె కుడి వేరు. నేను పక్క గురించి చెప్పాను, ఆమె బిడ్డ గురించి విన్నది.

విషయం అర్థమయ్యాక అవ్వ మిషను ఆపేసింది. "ముదలాళికి ఇప్పుడేం గావాలంట?"

"నువ్వొచ్చి ఆయన ముందర మూసి కుట్టాలంట. లేకుంటే నాకు పని లేదంట."

ఆమె చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది. ఆమె వసారాలో తల్లులందరికీ సూది అందించి నువ్వే మూసుకో అని చెప్పడం నేను చూసినదాన్ని. అడగడానికి నాకు ఇష్టం లేకపోయింది. అడగకుండా ఉండటానికీ దారి లేదు. "పొద్దున్నే పోదాం పా" అంది చివరికి.

కొట్టు ఇంకా తెరవక ముందే పోయాం. ముదలాళి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. తెల్ల చొక్కా, గుండీలన్నీ ముందే. నాతో పని చేసే ఆడపిల్లలు గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నారు, వాళ్ళను కూడా చూడమన్నాడట. అవ్వ వాళ్ళందరినీ, అద్దాల వెనక బొమ్మల్నీ చూసింది. తర్వాత ఆయన గుండీల్ని చూసింది. ఇంక మొదలుపెడుతుందని నాకు తెలిసిపోయింది.

"మీ నాయన పేరా నాయనా ఇది?" అంది.

"అవునవ్వా. మా నాయన కట్టిన కొట్టు ఇది."

"పెద్దాయన పాలు తాగినాడా?"

ఆయనకు అర్థం కాలేదు. "ఏందవ్వా?"

"మీ నాయనని అడుగుతా ఉండా. చిన్నబిడ్డప్పుడు పాలు తాగినాడా, లేకుంటే ఈ కొట్లో గల్లాపెట్టి తాగి పెరిగినాడా? తాగుంటే, ఈ బిడ్డ తాగితే ఆయప్ప పేరుకి యేం తక్కువైంది?"

గోడ పక్కన ఎవరో దగ్గారు. ముదలాళి ముఖం ఎర్రబడింది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "అవ్వా, నీతో మాటలు నాకొద్దు. ఈ పిల్లకి పని గావాలంటే మూసి కుట్టు. వద్దంటే పిలుచుకోని పో."

అవ్వ నా వైపు చూసింది. నేను ఏం చెప్పాలి? అక్క ఇంట్లో బిడ్డ ఉంది. జోలార్పేట నుంచి వచ్చే జీతం సగం నెలకే అయిపోతుంది. నేను నేల చూశాను. ఆమె అక్కడే, కొనేవాళ్ళు చెప్పులు విప్పే చోట, బండల మీద కూర్చుంది. మెడలోంచి సూది తీసింది. పసుపు దారం తానే తెచ్చుకుంది, ఆ పేరు దారం రంగే. నేను పక్కకు పోయి, అక్క దగ్గర తెచ్చుకున్న చీర చుట్టుకుని టాపు విప్పి ఇచ్చాను. ఆమె టిచ్ బటన్లు పీకి, ఒక్కొక్క కుట్టే వేసుకుంటూ పైనుంచి కిందికి వచ్చింది. కన్ను ఎత్తలేదు. ఆయన పైన నిలబడి, "గట్టిగా" అన్నాడు. "గట్టిగానే నాయనా" అంది. అట్లా మెత్తగా ఆమె మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. నాకు ఏడుపు రాలేదు. ఆ అగరొత్తులు తీసి ఆయన తెల్ల చొక్కాకు అంటించాలనిపించింది.

అయ్యాక ఆయన టాపు అందుకుని అటూ ఇటూ లాగి చూసి, "ఇదేదో మొదట్నే ఇట్ల ఉంటే సరిపోయేది కదమ్మా" అని నా చేతికిచ్చాడు.

ఆమెను వెనక మెట్ల దాకా సాగనంపడానికి పోయాను. ఏదో అనాలి, క్షమించమనో ఏమో. ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు. అటూ ఇటూ చూసి టాపు అంచు తిప్పి, లోపల చొక్కా గుడ్డ కింద వేలు పెట్టి చూపించింది. అక్కడ దారం కొస ఒకటి ముడి లేకుండా వేలాడుతోంది.

"బిడ్డ వచ్చినప్పుడు దీన్ని లాగు. అంతా వచ్చేస్తాది. తాగినాక మళ్ళీ ఇట్లనే యేసుకో. రవంతసేపు పని."

అది కచ్చా కుట్టు. టైలర్లు అసలు కుట్టు వేసే ముందు గుడ్డలు కదలకుండా వేసే కుట్టు. పైన చూస్తే గట్టిగా ఉంటుంది. ఒక కొస లాగితే మొత్తం ఊడొస్తుంది.

"నేను మూసేది యాడన్నా చూసినావా?" అంది. అని, సూది మెడలో పెట్టుకుని, బస్టాండు వైపు కుంటుకుంటూ పోయింది.

బిడ్డ పాలు మానేదాకా నేను ఆ దారం లాగుతూనే ఉన్నాను. మేం గెలిచామని మీరు అనుకుంటారేమో. నేనట్లా అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. ఒక బిడ్డ తన తల్లి పాలు తాగడానికి దొంగదారం కావాల్సి వచ్చింది. తాగాక ప్రతిరోజూ నేను ఆయన నాయన పేరును భద్రంగా కలిపి కుట్టి, మళ్ళీ పైకి పోయి నవ్వుతూ చీరలు చూపించాలి. ఆ పని మానేసిన రోజు యూనిఫారం తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. ఉతికి, మడిచి, దారం కొస లోపలే ఉంచి ఇచ్చేశాను.

అవ్వ పోయినప్పుడు కొత్త చీర కట్టి పడుకోబెట్టారు. చొక్కా కూడా తొడగండి అన్నాను. శవానికి మగవాడి చొక్కా ఏంటికి, చూసేవాళ్ళు నవ్వరా అంది ఆమె కోడలు. ఆ కోడలు బిడ్డలిద్దరూ ఆ చొక్కా గుడ్డల వాకిళ్ళ లోంచే పాలు తాగి పెరిగారు. వచ్చినవాళ్ళు, నోటి దురుసు మనిషే కానీ మంచిది అని చెప్పుకున్నారు. ఆ 'కానీ' అన్న మాట నాకు నచ్చలేదు. ఆ నోరు దురుసు కాబట్టే మంచిది. మిషను ఎవరో తీసుకుపోయారు. అగ్గిపెట్టె కిటికీలో పడి ఉంటే నేను తెచ్చుకున్నాను.

మొన్న ఆ బస్సు దారిలో రైల్వే గేటు దగ్గర ఆగింది. గేటు పడి ఉంది, రైలు ఎప్పుడొస్తుందో తెలియదు. బిడ్డ గొంతు బొంగురు పోయింది. నేను లేచి పోయి ఆ పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. సంచిలోంచి అగ్గిపెట్టె తీసి, అందులో అవ్వ బ్లేడూ, నేను పెట్టుకున్న సూదీ దారమూ చూపించి, ఏం చేస్తానో చెప్పాను. దిగే ముందు మళ్ళీ ఎట్లా మూస్తానో, దారం కొస ఎక్కడ వదులుతానో కూడా చెప్పాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది.

"అయ్యో, యూనిఫారం మా అది. కొట్టోళ్ళు ఒప్పుకోరు" అంది అత్తగారు.

"కుడి పక్క విప్పుతా, దుపట్టా కింద పోతాది" అన్నాను నేను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. తడిసిపోయిన పక్కన చెయ్యి పెట్టుకుంది. "ఈ పక్కే రాయి మాదిరి ఉండాది క్కా. పొద్దున్నుంచీ తాగలేదు."

"ఆ పక్క పేరుండాది కదే" అంది అత్తగారు.

"మొగోళ్ళ చొక్కాలకి ముందర వాకిలి పెట్టినారే, వాళ్ళెవురికి పాలిస్తా ఉండారు?" అన్నాను నేను. గట్టిగానే అన్నాను. కిటికీ మూయమన్నాయన, తెరవమన్నాయన, కండక్టరు, అందరూ తమ చొక్కాల వంక చూసుకున్నారు.

పిల్ల బిడ్డను అత్తగారి చేతికిచ్చి నా వైపు తిరిగింది. "విప్పండి క్కా" అంది.

అవ్వ పొరపాటున తెంపిన పేరును నేను తెలిసి తెంపాను. గుడ్డకు బ్లేడు తగల్లేదు. వెనక వెయ్యడానికి ఏమీ లేకపోతే నా చేతిరుమాలు మడిచి పెట్టాను. పిల్ల బిడ్డను తీసుకుంది. బిడ్డ ఇంకొక్కసారి వెక్కి, ఆగింది. బస్సులో ఉన్నట్టుండి రైలు చప్పుడు వినిపించింది. గేటు లేచింది. గుడియాత్తం వచ్చేదాకా ఆ ముదలాళి నాయన పేరు ఈ పక్క సగం, ఆ పక్క సగం. నడుమ బిడ్డ తల.